పళ్ళ జ్వరం: పన్ను ఎంత, జ్వరం ఎంత?

శ్రావణమాసంలో ఒక సాయంత్రం విజయనగరంలో మా పక్కింటి కోడలు మూడు సీసాలు తెచ్చి మా బల్ల మీద వరసగా పెట్టింది. ఆమె తొమ్మిది నెలల కూతురికి అప్పటికి రెండు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది. మొదటి సీసా టీకా వేయించినప్పుడు కొన్న చుక్కల మందు. రెండోది రాజాంలో పుట్టింట్లో ఉన్నప్పుడు అక్కడి మందుల షాపులో ఇచ్చినది. మూడోది పెద్దపిల్లది, నాలుగేళ్ళ పిల్లకు రాసిన సిరప్పు. మూడింటి మీదా పారాసిటమాల్ అనే ఉంది.

"ఏది ఎంత వెయ్యాలి మాస్టారూ? అసలు వెయ్యవచ్చా? ఆ దగ్గు మందు వార్తలు చూశాక సీసా ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది."

వెనకే పిల్లను భుజాన వేసుకుని మామ్మగారు వచ్చారు. పిల్ల ఆవిడ పైటచెంగు నోట్లో పెట్టుకుని నములుతోంది. భుజమంతా చొంగ. "మందెందుకమ్మా, ఇది పళ్ళ జ్వరం. పైపన్ను మొలుస్తోంది. మొలిచిందంటే అదే పోతుంది," అన్నారు.

ఆ ఇంట్లో ఆ పూట కలగలిసిపోయిన ప్రశ్నలు నిజానికి మూడు. జ్వరం అంటే ఏమిటి? దానికీ పన్నుకూ సంబంధం ఉందా? మూడు సీసాల మీద ఒకే పేరుంటే మూడూ ఒకటేనా? నేను వైద్యుణ్ణి కాను. ఈ ప్రశ్నల వెంటపడి, పిల్లల వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

జ్వరం: ఇస్త్రీపెట్టె మీట ఎవరో తిప్పినట్టు

ఇస్త్రీపెట్టె మీద నూలు, పట్టు అని ఒక మీట ఉంటుంది. ఎక్కడ పెడితే అక్కడిదాకా వేడెక్కి ఆగుతుంది. మన మెదడు అడుగున హైపోథలమస్ అనే చిన్న భాగం అచ్చం అలాంటి మీటే. మామూలు రోజుల్లో అది 98.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. తెల్లవారుజామున కాస్త తక్కువ, సాయంత్రానికి కాస్త ఎక్కువ. వైరస్సో బాక్టీరియానో ఒంట్లో చేరినప్పుడు రక్తకణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో మెదడులో ప్రోస్టాగ్లాండిన్ అనేది తయారై మీటను పైకి తిప్పుతుంది. ఇప్పుడు శరీరం లెక్క ప్రకారం 102 డిగ్రీలే మామూలు. అక్కడికి చేరేదాకా అది చలేస్తున్నట్టు వణుకుతుంది, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, పిల్ల ముడుచుకుపోతుంది. ఒళ్ళు కాలుతుంటే పాదాలు మంచులా ఉన్నాయని తల్లులు కంగారు పడేది ఈ ఘట్టంలోనే.

పారాసిటమాల్ చేసే పని ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గించి మీటను కిందికి దించడం. అంతే. అది వైరస్‌ను చంపదు, జబ్బును ఒక్క రోజు కూడా ముందుగా తగ్గించదు.

ఈ మీట సంగతి తెలిస్తే రెండు విషయాలు విడిపోతాయి. ఒకటి, తడిగుడ్డ. మీట 103 దగ్గర ఉండగా చన్నీళ్ళతో ఒళ్ళు తుడిస్తే పైచర్మం చల్లబడుతుంది గానీ మీట కదలదు. శరీరం మళ్ళీ వణికి వేడి పుట్టించుకుంటుంది. అందుకే మందు లేకుండా తుడవడం ఒక్కటే జ్వరానికి చికిత్సగా ఇప్పుడు చాలా వైద్య మార్గదర్శకాలు చెప్పడం లేదు. గోరువెచ్చటి గుడ్డ నుదుటి మీద పిల్లకు హాయిగా ఉంటే అది వేరే మాట. రెండోది, వడదెబ్బ. వైశాఖంలో మన సముద్రపు ఉక్కలో, రేకుల గదిలో, బొంతలో చుట్టిన పసిపిల్ల ఒళ్ళు కూడా కాలుతుంది. అక్కడ మీట ఎవరూ తిప్పలేదు, వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఆ వేడికి పారాసిటమాల్ పనిచేయదు. నీడా, గాలీ, తడిగుడ్డే మందు. చూడటానికి ఒకేలా ఉండే ఈ రెండింటికీ చికిత్స తారుమారు.

ఎంత ఉంటే జ్వరం అంటారు

పుస్తకాల్లో ఒకచోట 100.4, ఇంకోచోట 99.5 కనిపిస్తుంది. తప్పు ఎవరిదీ కాదు, కొలిచే చోటు వేరు. శరీరం లోపలి వేడి 100.4 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, దాటితే జ్వరం. మన దగ్గర చంకలో పెడతాం. చంక బయటి చర్మం కాబట్టి అక్కడ కొంచెం తక్కువ చూపిస్తుంది. అందుకే మన ఆరోగ్య కార్యకర్తలకు పిల్లల జబ్బుల మీద ఇచ్చే శిక్షణలో చంకలో 37.5 సెల్సియస్, అంటే 99.5, ఉంటే జ్వరం కిందే లెక్క.

అరచేతి పరీక్షకు విలువ లేకపోలేదు. తల్లి చెయ్యి పెట్టి "చల్లగానే ఉంది" అంటే సాధారణంగా నిజమే అవుతుంది. "కాలిపోతోంది" అన్నప్పుడు మాత్రం థర్మామీటరు చాలాసార్లు ఒప్పుకోదు. అప్పుడే పొయ్యి దగ్గరనుంచి వచ్చిన చెయ్యి ఒకలా చెబుతుంది, అంట్లు తోమి వచ్చిన చెయ్యి ఇంకోలా చెబుతుంది.

అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదనీ, 104 దాటితే మెదడు ఉడికిపోతుందనీ ఒక భయం ఇళ్ళలో పాతుకుపోయింది. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరానికి మెదడే ఒక పైహద్దు పెట్టుకుంటుంది. మామూలు జ్వరం దానంతట అది మెదడును దెబ్బతీయదు. మామూలు వైరస్ 104 తెప్పించగలదు, ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ 100 దగ్గరే ఉండిపోవచ్చు. ఇంకో మాట: మందు వేయగానే జ్వరం దిగితే చిన్న జబ్బు, దిగకపోతే పెద్ద జబ్బు అన్నది కూడా లెక్కకు నిలవదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో ఇచ్చిన నివేదికలో తేల్చి చెప్పింది ఇదే: మందు లక్ష్యం పిల్లకు హాయి కలగడం, థర్మామీటరులో అంకె దించడం కాదు. 101 ఉన్నా ఆడుకుంటూ పాలు తాగే పిల్లకు మందు అక్కర్లేకపోవచ్చు. నిద్రపోతున్న పిల్లను లేపి మందు పట్టడానికీ కారణం కనిపించదు.

వయసు దగ్గర మాత్రం వెసులుబాటు లేదు. మూడు నెలలు నిండని పసికందుకు లోపలి వేడి 100.4 దాటితే వైద్యులు దాన్ని జ్వరంగా కాదు, ప్రమాద సూచనగా చూస్తారు. ఆ వయసులో రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి ఇంకే లక్షణమూ కనిపించకపోవచ్చు. అలాంటి పిల్లకు ఇంట్లో చుక్కలు వేసి చూద్దాం అనుకోవడం వేరు, తొమ్మిది నెలల పిల్లకు ఒక పూట ఆగి చూడటం వేరు.

పన్ను మీద పడిన నింద

ఇప్పుడు మామ్మగారి మాటకు వద్దాం. పళ్ళు మొలిచేటప్పుడు జ్వరం వస్తుందన్నది మన ఊళ్ళ నమ్మకమే కాదు. 1842లో లండన్ మరణాల లెక్కల్లో ఏడాదిలోపు చనిపోయిన పిల్లల్లో దాదాపు నూటికి ఐదుగురి పేరు పక్కన కారణం "పళ్ళు రావడం" అని రాసి ఉంది. పదహారో శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోయిజ్ పారే పన్ను బయటికి వచ్చేందుకు చిగురు కోయమన్నాడు. ఆ కోతలు తర్వాత కొన్ని వందల ఏళ్ళు సాగాయి. పాదరసం కలిపిన పళ్ళ పొడులు ఇంగ్లండులో 1954 దాకా అమ్ముడయ్యాయి. ఆ పాదరసం వల్లే పిల్లల చేతులూ పాదాలూ ఎర్రబడి వాచే "గులాబి జబ్బు" వచ్చేదని తేలాక ఆపారు. పన్ను చేసిన హాని కంటే పన్నుకు వేసిన మందులు చేసిన హానే ఎక్కువ.

మరి కొలిచి చూసినవాళ్ళు ఏమన్నారు? 2000లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 125 మంది పిల్లల తల్లిదండ్రులతో రోజూ లక్షణాలు రాయించారు. మొత్తం 475 పళ్ళు మొలిచాయి. పన్ను కనిపించే రోజుకు నాలుగు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకు, అంటే ఎనిమిది రోజుల పాటు, కొన్ని లక్షణాలు నిజంగానే పెరిగాయి. కొరకడం, చొంగ, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, ఘనాహారం మీద అయిష్టం, వాటితో పాటు ఒళ్ళు కాస్త వెచ్చబడటం. పెరగనివి 102 దాటిన జ్వరం, వాంతులు, విరేచనాలు, దగ్గు. 2016లో పీడియాట్రిక్స్ పత్రికలో ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు కూడా ఇదే తేలింది. వేడి కొద్దిగా పెరుగుతుంది, కానీ జ్వరం అనదగ్గ హద్దు దాటదు.

అయితే మామ్మగారు అయిదుగురు పిల్లలను, తొమ్మిదిమంది మనవలను పెంచిన మనిషి. ఆవిడ చూసినదంతా భ్రమ అనడం అన్యాయం. ఆవిడ చూసింది నిజమే. పన్నూ జ్వరమూ ఒకే వారంలో రావడం ఆవిడ ఎన్నోసార్లు చూశారు. ఎందుకు చూశారో లెక్క వేద్దాం.

పాలపళ్ళు ఇరవై. ఆరో నెల దగ్గర మొదలై సుమారు రెండున్నరేళ్ళకు పూర్తవుతాయి. అంటే దాదాపు 730 రోజులు. ఒక్కో పన్నుకు ఎనిమిది రోజులు వేసుకుంటే 160 రోజులు. చాలా పళ్ళు జంటలుగా వస్తాయి కాబట్టి, పూర్తిగా జంటలే అనుకున్నా 80 రోజులు. అంటే ఆ రెండేళ్ళలో ప్రతి తొమ్మిది రోజుల్లో ఒకటి మొదలుకొని ప్రతి ఐదు రోజుల్లో ఒకటి దాకా "పన్ను వచ్చే రోజే". ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబో జ్వరమో రావడం మామూలు. రెండేళ్ళలో పన్నెండు పదహారు జ్వరాలు. వాటిలో రెండు మూడైనా పన్ను వచ్చే రోజుల్లో పడకుండా ఉండటమే వింత. ఎవరి ప్రమేయమూ లేకుండా ఈ కలయిక జరిగిపోతుంది.

దానికి తోడు ఆరో నెల అనేది పిల్ల జీవితంలో ఒక మలుపు. గర్భంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, అంటే రోగాలను అడ్డుకునే ప్రొటీన్లు, అప్పటికి చాలావరకు హరించుకుపోతాయి. అన్నప్రాశన అవుతుంది. పాకడం మొదలుపెట్టి నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెడుతుంది. పన్ను దురదకు చెప్పు కొరికితే ఆ చెప్పు మీది సూక్ష్మక్రిములు కడుపులోకి పోతాయి. "పళ్ళ విరేచనాలు" అని మనం అనేవాటిలో చాలా వాటి దారి ఇదే. ఒక రకంగా పన్నుకు పరోక్ష సంబంధం ఉన్నట్టే. కానీ అప్పుడు ఆ పిల్లకు కావలసింది ఓఆర్‌ఎస్, జింకు. పన్ను కోసం ఎదురుచూపు కాదు.

ఈ నమ్మకంలో చిక్కంతా ఇక్కడే ఉంది. పేరు పెట్టేశాక వెతకడం ఆగిపోతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, చెవిపోటు, మలేరియా ఇవన్నీ పళ్ళ జ్వరం అనే ఒక్క ముసుగులో మూడు రోజులు గడిపేయగలవు.

మూడు సీసాలు, ఒకే పేరు

బల్ల మీది సీసాలను తిప్పి చిన్న అక్షరాలు చదివాం. నా కళ్ళజోడు చాలక కోడలే చదివింది. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. రాజాం సిరప్పులో ఐదు మిల్లీలీటర్లకు 120. పెద్దపిల్ల సిరప్పులో ఐదు మిల్లీలీటర్లకు 250.

మందు మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మనం కొలిచేది మిల్లీలీటర్లు. గందరగోళమంతా ఈ రెండింటి మధ్యలోనే పుడుతుంది. పారాసిటమాల్‌కు వైద్యులు సాధారణంగా వేసే లెక్క పిల్ల బరువులో ఒక్కో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. నాలుగు నుంచి ఆరు గంటల ఎడం. రోజు మొత్తానికి కిలోకు 60 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. వయసు కాదు, బరువే ముఖ్యం. తొమ్మిది నెలల పిల్లలు ఆరున్నర కిలోలవాళ్ళూ ఉంటారు, పది కిలోలవాళ్ళూ ఉంటారు.

పక్కింటి పిల్ల బరువు ఎనిమిది కిలోలు. అంగన్‌వాడీలో తూచి వారమైంది. ఆమెకు ఒక విడతకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు. చుక్కల మందులో అయితే అది 0.8 నుంచి 1.2 మిల్లీలీటర్లు. రాజాం సిరప్పులో 3.3 నుంచి 5. పెద్దపిల్ల సిరప్పులో 1.6 నుంచి 2.4. ఒకే పిల్లకు, ఒకే మందుకు మూడు కొలతలు.

"చిన్నపిల్లే కదా, ఒక చెంచాడు" అని ఐదు మిల్లీలీటర్లు పడితే ఏమవుతుంది? రాజాం సిరప్పుతో ఏ ఇబ్బందీ లేదు, సరైన మోతాదే. పెద్దపిల్ల సిరప్పుతో 250 మిల్లీగ్రాములు, అంటే రెట్టింపు. చుక్కల మందు ఐదు మిల్లీలీటర్లు పడితే 500 మిల్లీగ్రాములు. ఆ పిల్లకు రోజు మొత్తానికి గరిష్ఠం 480. ఒక్క విడతలో అది దాటిపోతుంది. తిరగేస్తే మరో పొరపాటు. చుక్కల మందు అలవాటుతో రాజాం సిరప్పును ఒక మిల్లీలీటరు పడితే వెళ్ళేది 24 మిల్లీగ్రాములు. జ్వరం దిగదు. అప్పుడు "ఈ మందు పనిచేయడం లేదు" అని ఇంకో మందు వస్తుంది.

కొలిచే పాత్ర సంగతి కూడా ఉంది. ఆ ఇంట్లో మందు పట్టేది వెండి ఉగ్గుగిన్నెతో. పాతకాలపు వస్తువు, అంచు మీద కొలత గీతలేవీ ఉండవు. సిరంజి తెచ్చి ఐదు మిల్లీలీటర్ల నీళ్ళు అందులో పోస్తే అడుగు తడిసినట్టు కనిపించింది, అంతే. "నేను రోజూ దీనికి సగం పడుతున్నాను" అంది కోడలు మెల్లగా. ఆ సగం ఎంతో మళ్ళీ కొలిచాం. తొమ్మిది మిల్లీలీటర్లు. అదృష్టం, పట్టింది 120 సిరప్పు, అదీ రోజుకు రెండుసార్లే. ఇంట్లో టీ చెంచాలు కూడా ఒక్కొక్కటి ఒక్కో కొలత. సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూతో, సూది లేని సిరంజో నమ్మదగ్గవి. ఒక సీసాతో వచ్చిన డ్రాపరు ఇంకో సీసాకు పనికిరాదు.

పారాసిటమాల్ ఎక్కువైతే దెబ్బతినేది కాలేయం. పిల్లల్లో ఒకసారి జరిగిన చిన్న పొరపాటు కంటే రెండు మూడు రోజులు వరసగా ఎక్కువ పడటమే వైద్యులను కలవరపెడుతుంది. అప్పుడు పైకి కనిపించే వాంతులు, నీరసం అసలు జబ్బువేనని పొరబడే వీలుంది. అమెరికాలో 2011లో తయారీదారులు చిక్కటి చుక్కల మందు ఆపేసి, పిల్లల ద్రవ మందంతా ఐదు మిల్లీలీటర్లకు 160 మిల్లీగ్రాముల ఒకే కొలతకు తెచ్చారు. మన దగ్గర చుక్కలూ, రెండు రకాల సిరప్పులూ ఇంకా పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి. ఒక రకంగా పెద్ద పిల్లలకు తక్కువ పరిమాణంలో మందు పట్టవచ్చన్న సౌకర్యం ఉంది. కానీ ఒకే అలమరలో ఇద్దరు పిల్లల సీసాలుండే ఇంట్లో ఆ సౌకర్యం ఎవరికని నా అనుమానం.

ఐబుప్రొఫెన్, ఉద్దానం భయం

పారాసిటమాల్ తర్వాత వినిపించే పేర్లు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆసిడ్. ఐబుప్రొఫెన్ కొంచెం ఎక్కువసేపు, ఆరు నుంచి ఎనిమిది గంటలు, పనిచేస్తుంది. వాపు కూడా తగ్గిస్తుంది. బ్రిటన్‌లో మూడు నెలలు దాటి ఐదు కిలోలున్న పిల్లలకే ఇస్తారు. మన దేశంలో సాధారణంగా ఆరు నెలల తర్వాతే.

పలాస, కవిటి, సోంపేట వైపు ఇళ్ళలో దీని మాట ఎత్తితే పెద్దవాళ్ళ ముఖం మారుతుంది. నొప్పి మాత్రలు కిడ్నీలను తినేస్తాయన్న భయం ఉద్దానంలో ప్రతి గడపకూ తెలుసు. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ భయం మాత్రం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేది ప్రోస్టాగ్లాండిన్లే. ఐబుప్రొఫెన్ వాటినే అణుస్తుంది. కాబట్టి విరేచనాలతో, వాంతులతో ఎండిపోయిన పిల్లకు ఆ మందు చెరుపు చేయగలదు. బాగా పాలు తాగుతూ, మూత్రం పోస్తున్న పిల్లకు రెండు రోజులు సరైన మోతాదులో ఇస్తే కిడ్నీ పోతుందన్నది మాత్రం అతిశయోక్తి. ఇంకో అభ్యంతరం డెంగీ. ఆ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఐబుప్రొఫెన్ రక్తస్రావం ముప్పును పెంచుతుంది. వానాకాలంలో మన జిల్లాల్లో ఏ జ్వరం డెంగీయో మొదటి రోజు తెలియదు. పిల్లల వైద్యులు ముందు పారాసిటమాల్ వైపే మొగ్గడానికి ఇదొక కారణం.

ఈ రెండూ కలిపిన సిరప్పులు కూడా ఉన్నాయి. ఐదు మిల్లీలీటర్లలో ఐబుప్రొఫెన్ 100, పారాసిటమాల్ 162.5 మిల్లీగ్రాములు. పేరు వేరుగా ఉంటుంది కాబట్టి తల్లి దాన్ని వేరే మందు అనుకుని, పారాసిటమాల్ చుక్కలూ వేస్తుంది. ఒకే మందు రెండు పేర్లతో కడుపులోకి వెళ్తుంది. ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి ఇవ్వడం వల్ల అంకె ఇంకాస్త దిగుతుందని కొన్ని అధ్యయనాలు చూపాయి. పిల్లకు హాయి అంతకంటే పెరిగిందా అన్నది స్పష్టం కాలేదు. రాత్రి రెండు గంటలకు ఏది ఎప్పుడు వేశామో గుర్తుండకపోవడం మాత్రం ఖాయం.

నిమెసులైడ్‌ను పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని కేంద్రం 2011లోనే నిషేధించింది. ఆస్పిరిన్ పిల్లల జ్వరానికి పనికిరాదు. రెయ్స్ సిండ్రోమ్ అనే అరుదైన ప్రాణాంతక జబ్బుతో దానికి సంబంధం ఉంది.

దగ్గు మందు వార్తలకూ జ్వరం మందుకూ తేడా

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఒక దగ్గు, జలుబు సిరప్పు తాగిన ఇరవైమందికి పైగా పిల్లలు కిడ్నీలు పనిచేయక చనిపోయారు. కోడలి భయానికి మూలం అదే. ఆ సిరప్పులో ఉండవలసిన మందుల్లో పారాసిటమాల్ కూడా ఒకటి. కాబట్టి "ఇదీ అదేనా" అని అడగడం తెలివితక్కువ ప్రశ్న కాదు.

చంపింది పారాసిటమాల్ కాదు, డైఇథిలిన్ గ్లైకాల్. అది కార్ఖానాల్లో వాడే తియ్యటి ద్రావకం. సిరప్పులో మందును కరిగించడానికి గ్లిజరిన్, ప్రొపిలిన్ గ్లైకాల్ లాంటివి వాడతారు. వాటిని పరీక్షించకుండా కొన్నప్పుడు వాటి రూపంలో ఈ విషం చేరుతుంది. నిజాయితీగా చెప్పాలంటే జ్వరం సిరప్పు దీనికి అతీతం కాదు. 1996లో హైతీలో పిల్లలను బలిగొన్నది కల్తీ పారాసిటమాల్ సిరప్పే. తేడా అవసరంలో ఉంది. జ్వరంతో బాధపడే పిల్లకు పారాసిటమాల్ ఉపశమనం ఇస్తుందనడానికి గట్టి ఆధారం ఉంది. చిన్నపిల్లల దగ్గు, జలుబు మందులకు అలాంటి ఆధారం లేదు. ఛింద్వాడా తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, ఐదేళ్ళలోపు పిల్లలకు సాధారణంగా సిఫారసు చేయడం లేదనీ సూచించింది. అంతకుముందే 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలని ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ముక్కు కారితే ఇచ్చే చుక్కల మందుల్లో ఉండేవి చాలావరకు ఇవే.

చిగురు నొప్పికి ఏమున్నాయి

చిగురు నొప్పి నిజమైనదే, కానీ చిన్నది, ఒకటి రెండు రోజులది. కడిగిన వేలితో చిగురు మీద మెల్లగా రుద్దడం, ఫ్రిజ్‌లో చల్లబరచిన శుభ్రమైన తడిగుడ్డ కొరకనివ్వడం. వీటిని మించినవి పెద్దగా లేవు. గడ్డకట్టినవి చిగురును గాయపరుస్తాయి. క్యారెట్టు ముక్కల్లాంటివి గొంతులో అడ్డం పడతాయి.

చిగుళ్ళకు రాసే తిమ్మిరి జెల్లుల్లో బెంజోకైన్ ఉంటే రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితి రావచ్చు. అరుదే, కానీ ప్రాణాంతకం. రెండేళ్ళలోపు పిల్లలకు అవి వద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో గట్టిగా చెప్పింది. లిడోకైన్ మీద 2014లోనే హెచ్చరించింది. తేనె రాయడం మన దగ్గర ఉంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె ద్వారా బోటులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రాగలదు. వసకొమ్ము అరగదీసి నాకించడం, వసపూసలు చేతికి కట్టడం మరొకటి. వసలో ఉండే బీటా అసరోన్ అనే రసాయనం మీద అనుమానాలతో అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. మాటలు త్వరగా వస్తాయని ఆశపడి పిల్లలకు పెట్టే వస్తువు ఇది. మామ్మగారి ముందు ఈ మాట అనడానికి నాకు కొంచెం ధైర్యం కావలసివచ్చింది.

ఫిట్స్, మరి కొన్ని జ్వరాలు

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో వందకు ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. చూసినవాళ్ళు జన్మలో మరచిపోరు. చాలావరకు కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, మెదడుకు శాశ్వత హాని చేయవు. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టడం వల్ల ఆగాయనిపించేది వాటంతట అవి ఆగే సమయానికే గుత్తి దొరకడం వల్ల. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం వైద్యులు చెప్పేది. ఐదు నిమిషాలు దాటితే అది అత్యవసరం. ముందే జ్వరం మందు వేస్తే ఫిట్స్ రావన్న నమ్మకాన్ని అధ్యయనాలు నిలబెట్టలేదు. చాలామందికి ఇది నిరాశ కలిగించే మాట. జ్వరం రాగానే పరుగెత్తి మందు పట్టేది ఈ భయంతోనే.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండలు 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి గానీ, దోమకు జిల్లా సరిహద్దు తెలియదు. కొండ ఊళ్ళనుంచి వచ్చిన పిల్లకు జ్వరమంటే ముందు వేలి రక్తంతో మలేరియా పరీక్ష. వానలు వెనకబట్టాక డెంగీ. పొదల్లోని నల్లుల్లాంటి చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఈ మధ్య ఉత్తరాంధ్రలో బాగా వినిపిస్తోంది. కుట్టిన చోట నల్లటి చెక్కు కట్టిన పుండు ఉండవచ్చు. అది చంకలోనో గజ్జల్లోనో ఉంటే బట్టలు విప్పి చూస్తే తప్ప కనపడదు. దానికి వాడే యాంటీబయాటిక్ వేరు, పారాసిటమాల్‌తో అది తగ్గదు.

రెండు నెలలు దాటిన పిల్లల విషయంలో మన ఏఎన్ఎంలకూ ఆశా కార్యకర్తలకూ నేర్పే ప్రమాద సూచనల్లో థర్మామీటరు అంకె లేదన్నది గమనించదగ్గది. పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండి పలకకపోవడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా ఆసుపత్రికే. 104తో అమ్మ జడ పట్టుకుని లాగే పిల్ల కంటే 100తో కళ్ళు తెరవని పిల్ల గురించే వాళ్ళు ముందు ఆలోచిస్తారు.

పక్కింటి పిల్లను మూడో రోజు ఉదయం పిల్లల డాక్టరుకు చూపించారు. చెవులు, గొంతు, మూత్రం చూసి మలేరియా, డెంగీ పరీక్షలు చేయించారు. ఏమీ తేలలేదు. నాలుగో రోజు జ్వరం దానంతట అదే దిగిపోయింది. దిగిన కొన్ని గంటలకు ఛాతీ మీద, వీపు మీద లేత గులాబీ దద్దుర్లు. మామ్మగారు తట్టు అనుకుని వేపమండలకు మనిషిని పంపబోయారు. తట్టులో జ్వరం ఉండగానే దద్దుర్లు వస్తాయి, ఇందులో జ్వరం పోయాక వచ్చాయి కాబట్టి ఇది రోజియోలా అన్నారు డాక్టరు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు వచ్చే వైరస్ జ్వరం, మందు అక్కర్లేనిది. పళ్ళు వచ్చే వయసూ అదే మరి.

పైపన్ను వచ్చింది మూడు వారాల తర్వాత, వినాయక చవితి దగ్గర్లో. ఉగ్గు పెడుతుంటే వెండి చెంచాకు టిక్కుమని తగిలింది. మామ్మగారు ఇంకోసారి తట్టి చూసి, నుదురు తాకి, "జ్వరమేదీ లేదే!" అన్నారు, ఎవరో మాట తప్పినట్టు.